మోరీలో పడింది చెరువులో తేలుతుంది

మృగశిర కార్తె నాడు చేపల కూర వండే ఇళ్లు నల్గొండలోనూ పాలమూరులోనూ వీధి వీధినా కనిపిస్తాయి. ఆ కార్తెకు కాస్త అటూ ఇటూగా తొలి గట్టి వాన పడుతుంది. పడిన మర్నాడు పట్టణాన్ని ఆనుకుని ఉన్న చెరువులో చేపలు వెల్లకిలా తేలడం మన వైపు కొత్త సంగతి కాదు. గట్టు మీద జనం చేరి, ‘ఎవరో మందు కలిపారు’ అనుకుంటారు. ఒక్కోసారి అది నిజమే కావచ్చు. కానీ ఎవరూ ఏమీ కలపకుండానే చేపలు చచ్చిపోయే సందర్భాలు ఉన్నాయి. దీపావళి తర్వాతి నుంచి వీధుల్లో, మోరీల్లో, ఇళ్ల కప్పుల మీద పోగుపడ్డ మురికినంతా ఆ వాన ఒక్క గంటలో కడిగి చెరువులో పోస్తుంది. ఆ మురికిని తినే సూక్ష్మజీవులు నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును వాడేసుకుంటాయి. చేపకు ఊపిరి అందదు.

వాన అంటే శుభ్రమైన నీరని మన నమ్మకం. ఆకాశం నుంచి దిగేటప్పుడు అది చాలావరకు నిజమే. నేల తాకాక ఆ నీరు ఎక్కడెక్కడ నడిచిందన్నదే అసలు ప్రశ్న. మా నానమ్మ వానాకాలం మొదట్లో చూరు కింద బిందె పెట్టనిచ్చేది కాదు. ‘మొదటి నీళ్లు కప్పు కడుక్కోవడానికి, రెండో నీళ్లు మనకు’ అనేది. చదువుకున్న మనిషి కాదు. ఇంజినీర్లు ఫస్ట్ ఫ్లష్ అని పిలిచే సూత్రం మొత్తం ఆ మాటలో ఉంది. మనం దాన్ని తొలి కడుగు అందాం. వాన మొదట్లో పారే కొద్దిపాటి నీటిలోనే మురికి చిక్కగా ఉంటుంది. తర్వాత గంటల తరబడి పారే నీరు దానితో పోలిస్తే తేట. దక్షిణ తెలంగాణలో ఈ తొలి కడుగు మరీ చిక్కగా ఉండటానికి కారణం మన వానల తీరు. మహబూబ్‌నగర్, నల్గొండ ప్రాంతాల్లో ఏడాదికి పడేది ఇంచుమించు 600 నుంచి 750 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం జూన్–అక్టోబరు నెలల మధ్యే కురుస్తుంది. మిగిలిన ఏడెనిమిది నెలలూ వీధి మురికిని కూడబెట్టుకుంటూ ఉంటుంది.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. రెండు వందల గజాల ఇంటి స్థలం అంటే 167 చదరపు మీటర్లు. దాని మీద 20 మిల్లీమీటర్ల మామూలు వాన పడితే 3,300 లీటర్లకు పైనే. కిలోమీటరు పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న రోడ్డు మీద పది మిల్లీమీటర్లు కురిస్తే లక్ష లీటర్లు, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై. అదే మట్టి నేలయితే తొలివానలో చాలా భాగాన్ని తాగేస్తుంది. గోడ నుంచి గోడ దాకా పోసిన సీసీ రోడ్డు నూటికి ఎనభై, తొంభై వంతులు పారబోస్తుంది. పట్టణం పెరిగిందంటే ఇళ్లు పెరిగాయని మాత్రమే అనుకుంటాం. వాన కాలు పెట్టగానే జారిపోయే నేల కూడా అంతే పెరిగింది.

నీళ్లు మూడు, దారి ఒకటి

పట్టణంలో నీళ్లు మూడు రకాలు. నల్లాలో వచ్చేవి, వాడి పారబోసేవి, పైనుంచి పడేవి. నల్లా నీటి సంగతి నల్గొండవాళ్లకు విడమర్చి చెప్పనక్కరలేదు. ఫ్లోరైడుతో నడుములు వంగిన ఈ ప్రాంతం కృష్ణా నీటి కోసం ఎన్నేళ్లు ఎదురుచూసిందో ఇంటింటికీ తెలుసు. కందూరు చోళుల కాలం నాటి పానగల్లు ఉదయసముద్రం ఇప్పుడు ఆ కృష్ణా నీటిని నిలబెట్టుకునే జలాశయం. ఆ నీటిని శుద్ధి చేసి, గొట్టాల్లో పెట్టి, ఇంటి దాకా తెస్తారు.

చిక్కుముడి మిగిలిన రెండింటి దగ్గరే ఉంది. వాడిన నీటికి ఒక గొట్టం, వాననీటికి వేరే కాలువ ఉండాలన్నది పుస్తకంలోని మాట. మొదటిది శుద్ధి కేంద్రానికి పోవాలి. రెండోది నేరుగా వాగుకో చెరువుకో పోవచ్చు, ఎందుకంటే అది వాననీరు కదా. మన పట్టణాల్లో చాలా వీధుల్లో ఉన్నది మాత్రం ఒకటే మోరీ. స్నానాల గది నీళ్లు అందులోకే, వంటింటి నీళ్లు అందులోకే, సెప్టిక్ ట్యాంకు నిండి పొర్లేవీ అందులోకే, వానా అందులోకే. ఆ మోరీ చివర శుద్ధి కేంద్రం ఉంటుందని చాలామంది మనసులో ఎక్కడో అనుకుంటారు. అందుకే అందులో ఏది వేసినా ‘పోయింది’ అంటారు. పోయేది పల్లానికి, మన పల్లంలో ఉండేది చెరువు.

ఇక్కడ అమెరికా అనుభవం ఒకటి పనికొస్తుంది, ఒకటి పనికిరాదు. 1972లో అక్కడ స్వచ్ఛ జలాల చట్టం వచ్చినప్పుడు ముందుగా పట్టుకున్నది కర్మాగారాల గొట్టాలను, మురుగు శుద్ధి కేంద్రాల గొట్టాలను. గొట్టం చివర నిలబడి ఎంత మురికి వస్తుందో కొలవవచ్చు, యజమానిని నిలదీయవచ్చు. అలా పదిహేనేళ్లు చేశాక కూడా నదులు అనుకున్నంతగా తేరుకోలేదు. మిగిలిన మురికి వీధుల నుంచి, పార్కింగు స్థలాల నుంచి, నిర్మాణాల నుంచి వానతో కలిసి వస్తోంది. అందుకని 1987లో చట్టాన్ని సవరించి, నగరాల వాననీటి కాలువలను కూడా అనుమతి పరిధిలోకి తెచ్చారు. కర్మాగారం తన గొట్టానికి జవాబుదారీ అయినట్టే నగరం తన మోరీకి జవాబుదారీ కావాలి. పనికొచ్చేది ఈ ఒక్క ఊహ. మన దగ్గర 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం ఉంది. అయితే దాని చూపు ప్రధానంగా గొట్టం చివర పట్టుకోగల కాలుష్యం మీదే ఉంటుంది. వానలో కొట్టుకొచ్చే మురికికి ఎవరిని నిలదీయాలో తేలదు.

పనికిరానిది వాళ్ల గొట్టాల పటం. అక్కడ చాలా నగరాల్లో మురుగు వేరు, వాన వేరు. మన మోరీ రెండింటికీ ఒకటే కాబట్టి, వాళ్లు వాననీటికి చేసే ఏర్పాట్లన్నీ తెచ్చి ఇక్కడ అతికించినా మురుగు మురుగులాగే పారుతుంది.

వీధిలో ఏముంది

నేను ఇంజినీరును కాను. ఒక కల్వర్టు పక్కన చాయ్ తాగుతూ పదేళ్లుగా దాని కిందికి చూస్తున్న మనిషిని. ఆ కల్వర్టుకు పైవైపు మూడు వందల అడుగుల వీధిలో ఏముందో చెబుతాను.

మొదట బైకుల మెకానిక్ దుకాణం. ముందు నేల నల్లగా, మెరుస్తూ ఉంటుంది. సిమెంటు రంగు చూసి ఎన్నేళ్లయిందో. వాడిన ఇంజన్ ఆయిలును డబ్బాలోనే పడతాడు, ఎందుకంటే దాన్ని కొనేవాళ్లున్నారు. డబ్బాలో పడనిది, తుడిచిన గుడ్డలోది, పెట్రోలుతో విడిభాగాలు కడిగినది నేల మీదికి వస్తుంది. ఒక్క లీటరు ఇంజన్ ఆయిలు పది లక్షల లీటర్ల నీటిని చెడగొట్టగలదని అమెరికా పర్యావరణ సంస్థ చెప్పే లెక్క. రెండోది కోడిమాంసం దుకాణం. ఆదివారం మధ్యాహ్నం నేల కడిగిన ఎర్రనీరు నేరుగా మోరీలోకి పోతుంది. ఈకలు బుట్టలోకి పోతాయనుకుంటాం గానీ కొన్ని ఎప్పుడూ నీటితోనే ప్రయాణిస్తాయి. మూడోది టిఫిన్ సెంటరు. బూరెల మూకుడు అడుగున మిగిలిన నూనె మోరీలో చల్లబడి తెల్లగా గడ్డకడుతుంది. ఆ గడ్డ ప్లాస్టిక్ కవరును పట్టుకుంటుంది, కవరు ఇసుకను పట్టుకుంటుంది. ఇసుక ఎక్కడిదంటే, పక్కనే మూడో అంతస్తు లేస్తున్న ఇంటి ముందు రోడ్డు మీద ట్రాక్టరు దించి వెళ్లిన కుప్ప. ఆ తర్వాత పశువులు ఆగే చెట్టు నీడ, పేడ. చివర లారీలు, కార్లు కడిగే సర్వీసింగ్ షెడ్డు.

వీరిలో ఎవరూ దుర్మార్గులు కారు. ఎవరిది చూసినా చిటికెడే, అన్నీ చిటికెళ్లే. అందుకే ఈ కాలుష్యం పట్టుబడదు. వాన వచ్చి చిటికెళ్లన్నింటినీ కలిపినప్పుడే అది కాలుష్యమవుతుంది.

కంటికి కనిపించనిది ఇంకొకటి ఉంది, టైరు. రోడ్డు మీద నడిచే ప్రతి టైరూ అరుగుతుంది, అరిగిన పొడి రోడ్డు అంచున చేరుతుంది. అమెరికాలో సియాటిల్ చుట్టుపక్కల వాగుల్లోకి గుడ్లు పెట్టడానికి వచ్చే కోహో సాల్మన్ చేపలు వాన పడగానే చనిపోతుండేవి. ఎందుకో చాలా ఏళ్లు తేలలేదు. 2020 చివర్లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అసలు దోషిని పట్టుకున్నారు. రబ్బరు పగలకుండా టైర్లలో కలిపే 6పీపీడీ అనే రసాయనం గాలిలోని ఓజోనుతో కలిసి మరో పదార్థంగా మారుతోంది, ఆ మారినదే చేపను చంపుతోంది. మన చెరువుల్లోని రవ్వలకూ బొచ్చెలకూ అదే గతి పడుతుందని దీని అర్థం కాదు. ఏ చేప ఎంత తట్టుకుంటుందన్నది జాతిని బట్టి మారుతుంది. కానీ నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు జాతీయ రహదారినో, జడ్చర్ల దగ్గర 44వ నంబరు రహదారినో చూసి, ఆ టైర్ల పొడి అంతా వాన పడితే ఎక్కడికి పోతుందని ఒకసారి అనుకోవచ్చు.

మే నెల పని

వాననీటిని చివర్లో శుద్ధి చేయడం దాదాపు అసాధ్యం. పైన వేసిన లెక్క చూడండి. ఒక్క రోడ్డు మీది ఒక్క జల్లు లక్ష లీటర్లు. అరగంటలో వచ్చి పడే అంత నీటికి శుద్ధి కేంద్రం కట్టాలంటే అది ఏడాదిలో మూడు వందల రోజులు ఖాళీగా ఉంటుంది. అందుకే ఈ పని తెలిసిన నగరాలు నీటిని శుభ్రం చేయడం కన్నా వీధిని శుభ్రం చేయడం మీద ఎక్కువ ఖర్చు పెడతాయి. తొలివానకు ముందు ఊడ్చి ఎత్తిన బుట్టెడు మట్టి, చెరువులో దిగాక తోడే బండెడు బురదకు సమానం.

మన పట్టణాల్లోనూ వానాకాలానికి ముందు మోరీల పూడిక తీస్తారు. ఎలా తీస్తారో ఒకసారి దగ్గరగా చూశాను. ఇద్దరు మనుషులు, ఒక పార, ఒక తట్ట. కాళ్లకు బూట్లు లేవు, చేతులకు తొడుగులు లేవు. నల్లటి బురద తీసి మోరీ గట్టునే కుప్పలుగా పెట్టారు. తడి ఆరితే ఎత్తడం తేలిక కదా, ఆ వరకు సబబే. ట్రాక్టరు రేపు వస్తుందన్నారు. రేపు రాలేదు, ఎల్లుండీ రాలేదు. కుప్పలు ఎండి, బూడిద రంగుకు తిరిగి, వాటిలోని కవర్లు గాలికి ఎగిరాయి. ఏడో రోజు సాయంత్రం ఉరుములతో వాన పడింది. ఇరవై నిమిషాల్లో ఆ మట్టి మొత్తం ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే వెళ్లిపోయింది. కూలి ఇచ్చారు, పని జరిగినట్టు ఎక్కడో రాసుకునే ఉంటారు. రాతలో అబద్ధమేమీ లేదు కూడా, పూడిక తీశారు. ఇద్దరు మనుషులు ఆ ఎండలో ఆ మురికిలో నిలబడి చేసిన పనిని ఒక ట్రాక్టరు ఆలస్యం మింగేసింది. నా దృష్టిలో ఈ వ్యవహారంలో అన్నింటికన్నా చవకైన సంస్కరణ తీసిన పూడికను ఇరవై నాలుగు గంటల్లో ఎత్తడం. దానికి కొత్త పథకం అక్కరలేదు.

చెరువుల శుభ్రత మనకు గుర్తొచ్చేది వినాయక నిమజ్జనం ముందు, బతుకమ్మ ముందు. గుర్రపు డెక్క తీస్తారు, మెట్లు కడుగుతారు, లైట్లు పెడతారు. అప్పటికి వానాకాలం ముగింపుకొస్తుంది, రావలసిన మురికి వచ్చే ఉంటుంది. తీసిన గుర్రపు డెక్కను గట్టు మీదే వదిలేస్తే అది కుళ్లి, పీల్చుకున్న పోషకాలన్నీ మళ్లీ చెరువుకే ఇస్తుంది. ఆ మొక్క రోగం కాదు, రోగ లక్షణం. మురుగులోని నత్రజని, భాస్వరం తిని బలిసింది.

మూడు రోజుల పరీక్ష

మోరీలో పారేది వాననీరా, మురుగునీరా? ఇది తేల్చడానికి అమెరికా నగరాల్లో సిబ్బంది వాడే మొదటి పరికరం కళ్లు. వాన వెలిసి మూడు రోజులు గడిచాక కాలువ చివరకు వెళ్లి నిలబడతారు. వాననీటి కాలువ అయితే అప్పటికి ఎండిపోయి ఉండాలి. ఇంకా పారుతోందంటే అందులోకి ఎవరో ఏదో వదులుతున్నారు. ఆ తర్వాత ఒక్కో మలుపు దగ్గరా మూత తీసి చూసుకుంటూ పైకి నడుస్తారు. ధార ఎక్కడ ఆగిపోతే దానికి కిందనే దోషి. అనుమానం ఉన్న ఇంటి మరుగుదొడ్డిలో రంగు పోసి, అది కాలువలో తేలుతుందేమో చూస్తారు. నీటిలో అమ్మోనియా ఉంటే మలమూత్రాలు, సబ్బు ఆనవాళ్లు ఉంటే బట్టలు ఉతికినదో బండ్లు కడిగినదో అయిన నీరు, ఇలా గుర్తులున్నాయి.

ఆ గుర్తుల్లో ఒకటి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. కాలువ నీటిలో ఫ్లోరైడ్ కనబడితే అది నల్లా నీరని వాళ్లు పోల్చుకుంటారట. ఎందుకంటే అక్కడ చాలా నగరాలు పళ్లు పుచ్చకుండా నల్లా నీటిలో కొద్దిగా ఫ్లోరైడ్ కలుపుతాయి. ఆ పరీక్షను నల్గొండకు తెస్తే అర్థం తలకిందులవుతుంది. ఇక్కడ నల్లాలో వచ్చేది కృష్ణ నీరు, ఫ్లోరైడ్ ఉన్నది బోరులో. మోరీలో ఫ్లోరైడ్ కనబడితే ఎవరో బోరు నీళ్లతో బండ్లు కడుగుతున్నారని అనుకోవలసి వస్తుంది. పరాయి ఊరి పద్ధతిని యథాతథంగా తెచ్చుకోకూడదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఫ్లోరైడ్ మాట వచ్చింది కాబట్టి మరో సంగతి. ఫ్లోరైడ్ నీటిని పటిక, సున్నంతో శుద్ధి చేసే విధానాన్ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది. ప్రపంచమంతటా దాన్ని ‘నల్గొండ పద్ధతి’ అనే అంటారు. చెడిన నీటిని చివరన బాగుచేయడం ఎంత కష్టమో, ఎంత కాలం పట్టే పనో ఈ ఊరి పేరుకే తెలుసు. మన కింద ఉన్నది గ్రానైటు. నీరు నిలిచేది పైన ఉన్న పలుచని శిథిల పొరలో, బండ పగుళ్లలో. పైనుంచి మంచి వాననీరు ఇంకితే బోరులో ఫ్లోరైడ్ పలచబడుతుంది. అందుకని ఇంకుడు గుంతలు తవ్వమంటారు. తవ్వాలి కూడా. కానీ ఒక హెచ్చరిక అవసరం. ఇంటి కప్పు మీది నీటిని, అదీ తొలి కడుగు వదిలేశాక, ఇంకించడం మేలు. రోడ్డు మీది నీటిని ఎండిపోయిన బోరు గొట్టంలోకి నేరుగా దించడం మాత్రం ప్రమాదం. మట్టి పొరలు చేసే వడపోత అక్కడ జరగదు. మెకానిక్ దుకాణం ముందు నల్లటి నేల గుర్తుంది కదా, అది నేరుగా బండ పగుళ్లలోకి దిగుతుంది. అక్కడి నుంచి దాన్ని తోడి తీయడం ఎవరివల్లా కాదు.

మురుగునీటికి మన పట్టణాల్లో చేసే ఏర్పాటు నాలాను ఒకచోట అడ్డగించి, అందులోని నీటిని శుద్ధి కేంద్రానికి మళ్లించడం. వేసవిలో ఇది చక్కగా పనిచేస్తుంది, పారేదంతా మురుగే కాబట్టి. అయితే ఆ అడ్డుగోడ, ఆ గొట్టం, ఆ కేంద్రం అన్నీ వేసవి ప్రవాహానికి కొలిచి కట్టినవి. వాన పడితే నాలాలో నీరు ఎన్నో రెట్లు పెరిగి గోడ దాటి దూకుతుంది. అంటే ఏడాది మొత్తంలో అత్యంత చిక్కటి మురికి, ఆ తొలి కడుగు, శుద్ధి కేంద్రాన్ని తప్పించుకుని చెరువుకు చేరుతుంది. కేంద్రం కట్టాం కాబట్టి చెరువు బాగుపడాలి అనుకునేవాళ్లకు ఈ కిటుకు తెలియక నిరాశ కలుగుతుంది. కేంద్రం అవసరమే. అది మురుగుకు మందు. వాన తెచ్చే మురికికి మందు దానికి పైన, వీధిలో ఉండాలి. పరిశ్రమలున్న చోట వర్షాన్ని మాటు చేసుకుని రాత్రిపూట వ్యర్థాలు వదలడం ఇంకో కథ. అది పోలీసు వ్యవహారం, ఈ వ్యాసానికి బయటిది.

నెమ్మదిగా నడిపించడం

వీధిలో ఎంత ఊడ్చినా కొంత మిగులుతుంది. ఆ మిగిలినదాన్ని దారిలో పట్టుకోవడానికి ఉన్న సూత్రం ఒకటే, నీటిని నెమ్మదిగా నడిపించడం. పరుగెత్తే నీరు ఇసుకను మోస్తుంది, ఆగిన నీరు దింపుతుంది. ముందు ఇసుక, తర్వాత ఒండ్రు, చివరకు బంకమట్టి దిగుతాయి. భాస్వరం, లోహాలు అంటుకుని ఉండేది ఎక్కువగా ఆ చివరి సన్నని మట్టికే. అందువల్ల రెండు నిమిషాలు ఆపితే చాలదు. చెరువులోకి నాలా దిగే చోట ఒక చిన్న మడుగు, దాని తర్వాత జమ్ము, తుంగ పెరిగిన చిత్తడి ఉంటే నీరు గంటల తరబడి ఆగి, వడకట్టుకుని లోపలికి వెళ్తుంది. శుద్ధి చేసేది మొక్కే అనుకుంటాం. చాలా పని దాని వేళ్లకు అంటుకుని బతికే సూక్ష్మజీవులది. ఏడాదికోసారి ఆ జమ్మును కోసి బయటకు తీసుకుపోవాలి. లేకపోతే గుర్రపు డెక్క కథే. హైదరాబాదు శివారులోని నెక్నాంపూర్ చెరువులో నీటి మీద తేలే మొక్కల పడకలు వేసి ఇలాంటి ప్రయత్నమే చేశారు.

నూనెకు వేరే ఉపాయం కావాలి, ఎందుకంటే అది మునగదు, తేలుతుంది. సర్వీసింగ్ షెడ్డు, పెట్రోలు బంకు వంటి చోట్ల మూడు గదుల తొట్టి కడితే సరిపోతుంది. ఒక గది నుంచి మరో గదికి నీరు పైనుంచి పొర్లకుండా అడుగు నుంచి పోయేలా గొట్టం వంచి పెడతారు. మట్టి మొదటి గది అడుగున మిగులుతుంది, నూనె పైన మిగులుతుంది, మధ్య నీరు బయటకు పోతుంది. తాపీ మేస్త్రీ రెండు రోజుల్లో కట్టగల పని. నెలకోసారి పైన తేలిన నూనె తీయడమే ఎవరూ చేయని పని.

మోరీ చివర కట్టే ఇనుప జాలీలదీ అదే సమస్య. కవర్లను ఆపడానికి జాలీ పెడతారు. అది కవర్లను ఆపుతుంది. ఆగిన కవర్లు నీటిని ఆపుతాయి. నీరు ఇళ్లలోకి వస్తుంది. అర్ధరాత్రి ఎవరో గడ్డపార తెచ్చి జాలీని పీకేస్తారు. వారిని తప్పుపట్టలేను, ముంచుకొచ్చేది వాళ్ల మంచం కిందికే కదా. వాన రోజుల్లో పూటకోసారి ఊడ్చే మనిషిని పెట్టలేనప్పుడు జాలీ పెట్టకపోవడమే నయం.

మన పాత ఏర్పాటు ఈ నెమ్మది సూత్రం మీదే నడిచింది. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి దూకిన నీరు కింది చెరువుకు వచ్చేసరికి మట్టిని పైనే దించుకుని వచ్చేది. ఆ దిగిన పూడికను వేసవిలో రైతులు బండ్ల మీద తోలుకుపోయి చెలకల్లో చల్లుకునేవారు. చెరువు లోతు నిలిచేది, చెలక బలిసేది. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ ఈ అలవాటును మళ్లీ కదిలించింది. కానీ పట్టణం మధ్యనున్న చెరువు మట్టి సంగతి వేరు. కవర్లు, గాజు పెంకులు, ఇంజన్ ఆయిలు కలిసిన ఆ నల్లటి బురదను ఏ రైతు తన చెలకలో వేసుకుంటాడు? వేసుకోవద్దనే చెప్పాలి కూడా. ఎరువుగా పోవలసినది చెత్తగా మారింది. చెత్తగా మారిన రోజు నుంచి దాన్ని తీసే ఖర్చు రైతు నుంచి మున్సిపాలిటీ మీదికి వచ్చి పడింది.

చెరువు చుట్టూ వదలాల్సిన బఫర్ జోన్‌కూ ఈ కథలో పాత్ర ఉంది. 2012 నాటి 168వ నంబరు జీవో ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు వదలాలి. పది మీటర్ల కన్నా వెడల్పైన నాలాకు 9 మీటర్లు, అంతకన్నా సన్నని నాలాకు 2 మీటర్లు. ఇదంతా వరద కోసమేనని, ఆక్రమణల గొడవేనని అనుకుంటాం. గడ్డి మొలిచిన ఆ 30 మీటర్లు జల్లెడ కూడా. పక్క నుంచి పారివచ్చే నీరు ఆ గడ్డిలో నడక తగ్గించి, మట్టి దింపి చెరువులోకి జారుతుంది. ఇక ఆ జల్లెడ స్థలంలో ఏం చేస్తున్నామో చూడండి. మహబూబ్‌నగర్ పెద్ద చెరువు పట్టణం నడుమ ఉంది. దాన్ని మినీ ట్యాంక్‌బండ్‌గా తీర్చిదిద్దారు. సాయంత్రం పిల్లలతో వెళ్లి కూర్చోవడానికి చోటు కావాలి, కాదనను. చెరువును జనం చూస్తూ ఉంటే దాన్ని కబ్జా చేయడం కష్టం, ఆ లాభమూ ఉంది. అయితే ఏ ఊరి చెరువు గట్టు మీద లైట్లు, రాతి పలకల నడకదారి వేసినా, ఆ డబ్బులో ఎంత నాలా దిగే మూల దగ్గర మడుగు మీద పెట్టారని నేను మొదట అడుగుతాను. ఫొటోలో ఆ మూల పడదు. నీటి రంగు మాత్రం అక్కడే నిర్ణయమవుతుంది.

ఎగువ నగరం మురికి దిగువన ఎవరికి చేరుతుందో ఉమ్మడి నల్గొండ జిల్లాకు ఎవరూ చెప్పనక్కరలేదు. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాదు నడుమ నుంచి పోయి, వలిగొండ మీదుగా, సూర్యాపేట దగ్గరి మూసీ ప్రాజెక్టు దాటి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దారి పొడవునా ఆ నీటితో వరి పండించే రైతులకు నురుగు కొత్త కాదు. మూసీ విషయంలో మనం దిగువవాళ్లం, హైదరాబాదును నిలదీసే హక్కు మనకుంది. మన మోరీ విషయంలో మాత్రం మనమే ఎగువవాళ్లం. మన దిగువన ఉన్న పల్లె చెరువులో చేప తేలితే అక్కడివాళ్లు ఎవరిని నిలదీయాలి?

మొన్న ఒక జల్లు పడి వెలిశాక మూడు రోజుల పరీక్ష నేనే చేసి చూశాను. అదే కల్వర్టు, అదే చాయ్. మొదటి రోజు నీరు ఎర్రగా, చెలక మట్టితో పారింది. రెండో రోజు తగ్గి నల్లబడింది. నాలుగో రోజు పొద్దున ఏడు గంటలకు తెల్లటి సబ్బునీరు, తొమ్మిదికి టిఫిన్ సెంటరు చాయ్ పొట్టు, పదకొండుకు సర్వీసింగ్ షెడ్డు నుంచి ఏడు రంగులతో మెరిసే పలుచని పొర. ఆకాశంలో మబ్బు తునక లేదు. ధార తెగలేదు.